మంద లెక్క ఎవరికి కనబడాలి

మృగశిర కార్తె పెట్టిన మర్నాడు, మంగళవారం, పొద్దున పదకొండూ పదికి, మా గొర్రెల కంపెనీ ఆఫీసులో, అందరూ చూస్తుండగా నా దగ్గరున్న ఒక అధికారాన్ని తీయించేసుకున్నాను. మా ఊళ్లలో ఎవరికి ఎన్ని జీవాలున్నాయో కంప్యూటర్లో చూసే అధికారం అది. తీసింది ఆఫీసులో పనిచేసే అమ్మాయి. తియ్యమన్నది నేను. గంట ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ తెర కింద కుడివైపు మూలన గడియారం కనిపిస్తుంది. కనిపించినదాన్ని చదవకుండా ఉండటం నాకు చేతకాదు.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. బడి వరండాలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ మా ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేది. మిగతావాళ్లు సంతకం దాకా వచ్చి చాలనుకున్నారు. నాకు చాలలేదు. అంతకుముందు మార్కాపురం బస్టాండులో "త్రిపురాంతకం బస్సు ఏది నాయనా" అని అడిగి ఎక్కేదాన్ని. చదువొచ్చాక కూడా కొన్నాళ్లు అడిగాను, బోర్డు మీద నేను చదివింది నిజమా కాదా అని చూసుకోవడానికి. ఆ తర్వాత అడగడం మానేశాను. మందు సీసాల మీద తేదీలు, కరెంటు స్తంభాల మీద అంకెలు, లారీల వెనక రాతలు, పెళ్లిపత్రిక చివర అచ్చువేసినవాళ్ల పేరు, అన్నీ చదువుతాను. అందులో నాకేం పని అని అడిగితే ఏమీ లేదు.

కొనకనమిట్ల వైపు నాలుగైదు ఊళ్ల గొర్రెలవాళ్లం కలిసి పెట్టుకున్నది మా కంపెనీ. దానికి నేను అధ్యక్షురాలిని. ఆడమనిషి ఉండాలని పైన ఎవరో చెప్పారట. మావాళ్లలో కాగితాన్ని తలకిందులు కాకుండా పట్టుకునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. గొప్ప అంతే.

కంపెనీ అన్నాక కంప్యూటరు వచ్చింది, దాంట్లో ఒక సాఫ్ట్‌వేరు వచ్చింది. దాణా ఎంత వచ్చింది, కడుపు పురుగులకు పోసే నట్టల మందు ఎంత మిగిలింది, పొట్టేళ్లు ఎవరు కొన్నారు, అన్నీ దాంట్లోనే. ప్రతి సభ్యుడికీ ఒక పేజీ ఉంటుంది. అందులో అతని మంద లెక్క. ఆ పేజీని ఫోన్లో కూడా తెరుచుకోవచ్చు. దీనంతటినీ నడిపేది ఒక అమ్మాయి. గిద్దలూరు దగ్గర పుట్టింది, డిగ్రీ చదివింది, మా ఊరికి కోడలుగా వచ్చింది. నాకు వరుసకు కోడలే అవుతుంది.

సాఫ్ట్‌వేరు పెట్టిన కొత్తలో ఆ కోడలు నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"అత్తా, ఎవరికి ఏం ఇయ్యాలో నువ్వు చెప్పాల."

"ఏందే ఇచ్చేది?"

"పర్మిషన్లు. కొందరు చూడొచ్చు, కొందరు రాయొచ్చు, కొందరు కొట్టేయొచ్చు. అందరికీ అన్నీ ఇయ్యకూడదు."

మీటింగులో ఆ మాట చెప్పాను. ముందుగా లేచింది మా మరిది. మా ఇంటాయన తమ్ముడు, నోరు గల మనిషి.

"వదినకి ఉండేది నాకెందుకు లేదు? నేనేమన్నా పరాయోడినా?"

అతను కూర్చోగానే ఇంకొకరు లేచారు. పంక్తిలో కూర్చున్నాక ఒకరి విస్తట్లో వడ వేసి, పక్కవాడి విస్తరి దాటిపోతే ఆ పక్కవాడు లేచి పోతాడు. వడ తినాలని కాదు, దాటిపోయినందుకు. మాకు కంప్యూటరూ అదే పంక్తి. చివరికి కోడలు విసిగిపోయి అందరికీ అన్నీ ఇచ్చేసింది. ఎవరైనా ఎవరి పేజీ అయినా చూడొచ్చు, ఎవరిది వాళ్లు మార్చుకోవచ్చు. అందరూ సంతోషించారు. తప్పు అక్కడ జరిగింది.

గొర్రెలు లేనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మేం మంద లెక్క పైకి చెప్పం. దారిన పోయేవాడు "ఎన్నుంటాయి" అంటే "ఏవో కొన్ని" అంటాం. మరీ అడిగితే తగ్గించి చెబుతాం. లెక్క బయటపడితే దానిమీద కళ్లు పడతాయి, కళ్లు పడితే మంద కరుగుతుంది. అసలు మేం సొంతంగా కూడా లెక్కపెట్టుకోం. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడితే ఏ ముఖం రాలేదో తెలిసిపోతుంది. ముఖం తెలిసినాక అంకె ఎందుకు?

మొదట్లో కంప్యూటర్లో ఉన్న అంకెలు నిజమైనవే. నట్టల మందు పోసేటప్పుడు కోడలు పక్కన నిలబడి లెక్కపెట్టుకుని ఎక్కించింది. తర్వాత ఫోన్లలో ఒకరి పేజీ ఒకరు చూసుకోవడం మొదలైంది. మా త్రిపురాంతకం అన్నదమ్ములిద్దరికీ మందలు పంచుకున్న నాటినుంచి మాటల్లేవు. అక్కడినుంచి మా ఊరొచ్చి స్థిరపడ్డారు కాబట్టి ఆ పేరు. అన్న తన మంద తగ్గించి రాశాడు, తమ్ముడు చూస్తున్నాడని. తమ్ముడు ఇంకాస్త తగ్గించాడు. మరిది తగ్గించాడు. ఏడాది తిరిగేసరికి అందరి మందలూ తెరమీద చిక్కిపోయాయి. నాకు తెలుసు. సాయంత్రాలు ఆఫీసులో కూర్చుని అందరి పేజీలూ చదివేదాన్ని కదా. నాదీ నేను తగ్గించాను. మంద విషయంలో అది మాకు అబద్ధం కిందికి రాదు.

ఎవరికీ తట్టనిది ఒక్కటే. ఆ అంకెలన్నీ కంప్యూటరు కూడుతుంది, ఆ మొత్తం పశువుల డాక్టరుకు పోతుంది, ఆయన ఆ మొత్తానికి సరిపడా టీకా మందు తెస్తాడు.

ఆదివారం సాయంత్రం తొలివాన పడింది. సోమవారం పొద్దున డాక్టరు ఐసు పెట్టెతో వచ్చాడు, చిటుకు రోగానికి టీకాలు వెయ్యడానికి. వానకు మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిన జీవం ఉన్నట్టుండి ఎగిరిపడి చచ్చిపోతుంది. చిటికె వేసినంత సేపు. బక్కవి కాదు, పుష్టిగా ఉన్నవే ముందు పోతాయి. టీకా వేశాక అది ఒంటికి పట్టడానికి రోజులు కావాలి. అందుకే గడ్డి లేవకముందే వేయించాలి.

చర్చి వీధి నుంచి ఒకావిడ మా కంపెనీలో ఉంది. నన్ను అక్కా అంటుంది, నాకు చెల్లెలు. ఏటా మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయేది. అట్లా పోయి పోయి కూడబెట్టినదాంతో గొర్రెలు కొంది. భర్త బెంగుళూరులో ఇళ్లు కట్టే బేల్దారి పనిలో ఉంటాడు. ఈ ఏడు కోతకు పోను, ఈ జీవాల మీదే బతుకుతా అని వీధిలో అందరితో చెప్పింది. అన్నీ చూలుతో ఉన్నాయి. ఆ సోమవారం అందరినీ ముందు పోనిచ్చి తను చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి డాక్టరు పెట్టె మూత వేశాడు.

"అయిపోయిందమ్మా" అన్నాడు. ఒంగోలు వైపు మనిషి, మాట మెత్తన.

"అయిపోయేదేంది సార్? నా జీవాలు ఇట్లనే నిలబడుండాయి గదా."

"మీ కంపెనీ లెక్క ప్రకారమే తెచ్చాను. ఆ లెక్క కంటే ఎక్కువే వేశాను."

ఆమె నా వైపు తిరిగింది. చేతిలో పెద్ద గొర్రె తాడు ఉంది. మంద ఆ గొర్రె వెనకే నడుస్తుంది.

"అక్కా, నేను సరిగ్గానే చెప్పినా గదా. ఉండేటివి ఉన్నట్టు రాయించినా."

నిజమే. మా కంపెనీ మొత్తంలో ఉన్నవి ఉన్నట్టు రాసింది ఆమె ఒక్కతే. గొర్రెలకు కొత్త, దిష్టి లెక్క ఆమెకు లేదు. తక్కువ రాసినవాళ్లందరి జీవాలకూ సూది పడింది. సరిగ్గా రాసినదానికి పడలేదు. నేను మగవాళ్ల వైపు చూశాను. అందరూ మబ్బులు చూస్తున్నారు.

డాక్టరును పక్కకు పిలిచాను. "ఏదో ఒక అంకె ఎక్కువేసి తెప్పించు సార్, నేను చెబుతున్నా గదా."

"అట్లా తేలేనమ్మా. సీసా తెరిస్తే ఆ రోజే వాడాలి, మిగిలితే పారబోయాలి. మీకు ఎక్కువిస్తే ఇంకో ఊరికి తక్కువ పడుతుంది. రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల నిజమైన మొత్తం పంపండి. ఎల్లుండి పొద్దున్నే బండి వస్తుంది. దాటితే మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

మంగళవారం పొద్దున అందరినీ ఆఫీసుకు రమ్మన్నాను. వచ్చారు. చెల్లెలు కూడా వచ్చింది, పెద్ద గొర్రెను వెంటబెట్టుకుని. బయట లేతపచ్చ కనిపిస్తే చాలు నోరు పెడుతుందని దాన్ని వదలడం లేదు. గుమ్మం బయట కట్టేసి లోపలికొచ్చింది.

"నిజం లెక్కలు చెప్పండి" అన్నాను. "ఈమె జీవాలకు మందు రావాల."

దొనకొండ నుంచి వచ్చిన మా ముసలిమామ, వయసులో అందరికంటే పెద్ద, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏందంట?" అన్నాడు. ఆయనకు వినబడుతుంది. అవసరం లేనప్పుడు వినబడదు.

"ఎన్నుండాయో చెప్పమంటాంది మామా" అన్నాడు మరిది.

"ఎవరికి?"

"కంప్యూటరుకి."

"దానికెందుకు? మేపుతదా?"

అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. నేను మరిదిని పట్టుకున్నాను.

"నువ్వు చెప్పు. నువ్వు చెబితే మిగతావాళ్లు చెబుతారు."

"నీ ముందర చెప్పేదా వదినా? నీకు సదువొచ్చినప్పటి నుంచి మా జీవాలకి నిద్రలేదు. రోజూ పొద్దుగూకేసరికి వచ్చి కూర్చుంటావు, అందరి మందలూ చదివి పోతావు. మా అన్న కూడా నన్ను అంత తనిఖీ చెయ్యలేదు."

"నా కన్ను అంత చెడ్డదా?"

"చెడ్డదని ఎవరన్నారు? పెద్దది అంటున్నా."

కోపం వచ్చింది. అయినా ఆలోచించాను. వీళ్లు రాయడానికి భయపడటం లేదు. రాసింది చదువుతారని భయపడుతున్నారు. చదివేది ముఖ్యంగా నేను. కోడలి వైపు తిరిగాను.

"వీళ్లు రాసేది నాకు కనబడకుండా చెయ్యొచ్చునా?"

"చెయ్యొచ్చు అత్తా. చూడటానికి వేరే పర్మిషన్, రాయడానికి వేరే."

"చూడటానికి కూడా పర్మిషన్ ఉందా?"

"మొట్టమొదటిది అదే."

ఇది నాకు వింతగా అనిపించింది. ఇప్పటికీ వింతే. తాళం వెయ్యడం, తియ్యడం, రాయడం, చెరపడం, ఇవన్నీ పనులు. వాటికి అధికారం కావాలంటే అర్థమవుతుంది. ఊరికే చూడటాన్ని కూడా ఒక పనిగా లెక్కేసి, దానికి తలుపు పెట్టి, తాళం పెట్టినవాళ్లెవరో గాని, వాళ్లకు గొర్రెలు ఉండి ఉంటాయనుకున్నాను. చూపు ఊరికే పోదని మా పెద్దలకూ తెలుసు, ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్లకూ తెలుసు.

"అయితే తీసెయ్యి" అన్నాను. "నాదీ, అందరిదీ. ఎవరిది వాళ్లకే కనబడాల."

కోడలు రంగుల పేజీ మూసేసి నల్ల తెర తెరిచింది. బొమ్మలు లేవు, బటన్లు లేవు. మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది.

"ఆ పేజీలో చెయ్యకూడదా?"

"ఆ పేజీలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గడిలో టిక్కు తియ్యాల. ఈ నెట్టుకి అది తెరుచుకునేలోపల పన్నెండు దాటిపోతది. ఇక్కడయితే మాట రాసి ఇస్తే చాలు."

"రాస్తే అయిపోతదా?"

"రాస్తే అయిపోతది."

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. నాకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు వస్తాయి, బస్సుల మీద చూసి నేర్చుకున్నాను. చిన్న అక్షరాలు సగం వస్తాయి. ఆ తెర మీద అన్నీ చిన్నవే. అయినా కూడబలుక్కున్నాను. ముందు అది ఏదో అడిగింది. కోడలు వేళ్లు ఆడుతున్నాయి గాని తెర మీద ఏమీ పడటం లేదు.

"మీటలు చెడిపోయినాయా ఏందే?"

"లేదత్తా. పాస్‌వర్డ్ కొడతావుండా. నల్ల తెరలో పాస్‌వర్డ్ కనపడదు."

"ఫోన్లో చుక్కలన్నా పడతాయి గదా."

"చుక్కలు పడితే ఎన్ని అక్షరాలో పక్కోళ్లు లెక్కపెడతారు. ఎన్నో తెలిస్తే కనిపెట్టేది సులువవుతది. అందుకని చుక్క కూడా చూపించదు."

వెనకనుంచి మరిది ముందుకొచ్చాడు.

"మళ్లీ చెప్పు."

"ఎన్నుండాయో ఎవరికీ తెలియనియ్యదు మామా. ఏముండాయో కాదు, ఎన్నుండాయో కూడా."

మరిది తెరను ఎగాదిగా చూశాడు. కొత్త పొట్టేలును సంతలో చూసినట్టు చూశాడు.

"ఇది మన మనిషే" అన్నాడు ముసలిమామతో. మామ తలూపాడు. ఆయనకు ఇప్పుడు బాగా వినబడింది.

కోడలు ఒక వరుస టైపు చేసింది. దాని అర్థం నాకు వేలు పెట్టి చెప్పింది. "ఇది సభ్యుడు అనే హోదా. ఇది మంద పేజీ. ఇది చూడటం. ఇది తనది మాత్రమే." ఎంటర్ కొట్టింది. ఏమీ కాలేదు. కింద మళ్లీ ఆ గీత వచ్చి మిణుకుమంటోంది.

"ఏమైంది?"

"అయిపోయింది."

"అయినట్టు చెప్పదా?"

"చెప్పదు. తప్పు జరిగితేనే మాట్లాడతది. సరిగ్గా జరిగితే గమ్మునుంటది."

మా నాయన అట్లాంటివాడే. మంద తోలుకుని ఇంటికొస్తే ఏమీ అనేవాడు కాదు. అనలేదంటే అన్నీ వచ్చాయని అర్థం. ఆ మాట అక్కడ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"అయితే నీ పేజీ తెరువు అత్తా, పరీక్ష చేద్దాం" అంది కోడలు. నా పేరుతో లోపలికి పోయి మరిది మంద తెరిచాను. కనిపించింది. నిక్షేపంగా కనిపించింది.

"చూడండి, చూడండి" అన్నాడు మరిది. "తీసేసినట్టు నాటకం. అత్తాకోడళ్లు కలిస్తే ఇంతే."

కోడలు మొహం ఎర్రబడింది. తెరకేసి కాసేపు చూసి, "అత్తకి రెండు హోదాలుండాయి" అంది. "సభ్యురాలు ఒకటి, అధ్యక్షురాలు ఒకటి. ఒకదాంట్లో తీసినా రెండోదాంట్లో ఉంటే ఉన్నట్టే. ఇది తీసివేత చూడదు, ఎక్కడైనా ఇచ్చినారా అని చూస్తది."

పుట్టింట్లో కాదన్నా మెట్టినింట్లో పెడితే తిన్నట్టేనన్నమాట. అర్థమైంది.

"అధ్యక్షురాలిది కూడా తియ్యి."

"తీస్తే నీకు మళ్లీ కనపడదు అత్తా. సాయంత్రాలు చదువుకుంటావు గదా."

అప్పుడొక్కసారి మనసు లాగింది, అబద్ధం ఎందుకు. అన్నాళ్లు గుడ్డిగా బతికి, చదువొచ్చాక దొరికినవన్నీ చదువుతున్నదాన్ని. ఇప్పుడు నా చేత్తో నేనే ఒకటి మూసుకోవాలి. చెల్లెలు నా వైపు చూడటం లేదు. గుమ్మం బయట గొర్రెను చూసుకుంటోంది. అది తాడు లాగుతోంది, మట్టి తడిసిన వాసనకు.

"తియ్యి" అన్నాను.

ఇంకో వరుస. ఎంటర్. గమ్మున ఉంది. మూలన పదకొండూ పది. మళ్లీ మరిది మంద తెరవబోయాను. ఈసారి తెర మధ్యలో ఎర్రగా ఒక పెట్టె వచ్చింది. తెలుగులోనే ఉంది: ఈ సమాచారం చూడటానికి మీకు అనుమతి లేదు. గట్టిగా చదివాను. మరిది ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివాను. అన్నదమ్ముల్లో అన్న వచ్చి తన ఫోన్లో తమ్ముడి పేజీ తెరవబోయాడు, అతనికీ అదే వచ్చింది. తమ్ముడు పక్కనుంచి అది చూసి ఏళ్ల తర్వాత అన్నతో మాట్లాడాడు.

"పొయ్యిందా?"

"పొయ్యింది" అన్నాడు అన్న. అంతే మాట్లాడుకున్నారు.

ఇంక రాస్తారనుకున్నాను. ముసలిమామ చెయ్యెత్తాడు.

"ఈ పిల్లకి కనపడుతదా?"

కోడలు దాచలేదు. "నాకు కనపడుతది తాతా. అడ్మిన్‌కి అన్నీ కనపడతాయి. నా మామూలు లాగిన్‌లో తీసేసుకుంటా. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరో ఒకరి దగ్గర ఉండాల్సిందే."

"గొర్రెలు లేని పిల్ల" అన్నాడు మామ. "లేనోళ్ల కన్నే గదా గట్టిగా తగిలేది."

కోడలికి కోపమొచ్చింది. "అయితే నువ్వే పెట్టుకో తాతా పాస్‌వర్డ్."

"నాకెందుకమ్మా, నాకు వినపడదు."

గోడ గడియారం పదకొండున్నరకు దగ్గరపడింది. ఎవరూ కదలడం లేదు. అప్పుడు చెల్లెలు గుమ్మం దగ్గరనుంచి మాట్లాడింది.

"మా చర్చిలో కానుకల పెట్టెకి రెండు తాళాలుంటాయి. చెరొక పెద్దమనిషి దగ్గర ఒకటి. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటది. దీనికి అట్ల కుదరదా?"

కోడలు ఆలోచించింది. "ఒకే పాస్‌వర్డ్‌ని సగం ఒకరు, సగం ఒకరు కొట్టొచ్చు."

"సగం నేను కొడతా" అంది చెల్లెలు. "సగం ఆయన." మరిది వైపు చెయ్యి చూపించింది. "ఆయనే గదా ఎక్కువ భయపడేది."

మరిదికి ఆ మాట గుచ్చుకుంది. కోడలు తన చూపు తీసేసుకుని, కొత్త పాస్‌వర్డ్ అడిగే వరుస తెరిచి లేచింది; గుచ్చుకున్నట్టు కనబడకుండా అతను ఆ కుర్చీలో కూర్చున్నాడు. అతను కొడుతున్నంతసేపు మేమంతా గోడ వైపు తిరిగాం. తర్వాత చెల్లెలు కూర్చుంది, అప్పుడు మరిది కూడా తిరిగాడు. కంప్యూటరు రెండోసారి అడిగింది, ఖాయం చేసుకోవడానికి. మళ్లీ అతను, మళ్లీ ఆమె. ఈసారి గమ్మున ఉండలేదు, ఒక వాక్యం రాసింది.

"తప్పయింది" అన్నాను. "మాట్లాడింది."

"ఎవరిది తప్పు?" అన్నాడు మరిది.

"అది చెప్పదు మామా. కలవలేదంటది, అంతే."

"నాది కాదు."

"నాదీ కాదు" అంది చెల్లెలు. "నేను ఒక్కొక్క మీటా చూసుకుని కొట్టినా. నువ్వు మద్దెల వాయించినట్టు వాయించినావు, నాకు వినపడింది."

రెండోసారి మరిది నెమ్మదిగా కొట్టాడు. కుదిరింది. యంత్రం నోరు మూసుకుంది.

ఆ తర్వాత పది నిమిషాల్లో పని అయిపోయింది. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని ఎవరి పేజీలో వాళ్లు రాసుకున్నారు, మిగతావాళ్లం గోడకు ముఖం పెట్టి నిలబడ్డాం. రాయడం రాని ముసలిమామకు ఎవరు సాయం చెయ్యాలన్నది చిక్కొచ్చింది. ఆయన చెల్లెల్ని పిలిచి ఆమె చెవిలో చెప్పాడు. ఎందుకు ఆమెకే అని తర్వాత అడిగాను. "ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి ఆమే గదా" అన్నాడు. నా వంతుకు నేనూ రాశాను. ఎన్నని రాశానో ఇక్కడ రాయను.

విడివిడి లెక్కలు కనబడకపోయినా మొత్తం మాత్రం వచ్చేట్టు కోడలు ముందే ఏర్పాటు చేసి పెట్టింది. ఆ మొత్తం చూసి ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నాకూ చూపించింది. అధ్యక్షురాలికి మొత్తం చూసే పర్మిషన్ ఇంకా ఉంది. పన్నెండు కాకముందే డాక్టరుకు పంపాం. ఆయన వెంటనే ఫోను చేశాడు.

"ఏమ్మా, రాత్రికి రాత్రి ఇన్ని ఈనాయా?"

"మీరు లెక్క అడిగినారు సార్, పంపినాము. పురుడు లెక్క అడగలేదు గదా" అన్నాను.

బుధవారం పొద్దున్నే బండి వచ్చింది. ముందు చెల్లెలి జీవాలకే వేశారు. ఎవరూ వరుస గురించి మాట్లాడలేదు. టీకా పట్టేదాకా ఆమె వాటిని గట్టు మీద ఎండుగడ్డి మీదే మేపింది, తిట్టుకుంటూ. ఆ వానాకాలం పక్క మండలంలో చిటుకు వచ్చి పోయింది. మా వైపు రాలేదు. ఆమె ఆ ఏడు మిరపకాయల కోతకు పోలేదు, తరువాతి ఏడూ పోలేదు. ఇప్పుడు ఆమెకెన్ని ఉన్నాయని అడిగితే "ఏవో కొన్ని అక్కా" అంటుంది. నేర్చుకుంది.

కొత్త సభ్యులు చేరినప్పుడల్లా మరిది, చెల్లెలు ఇద్దరూ ఆఫీసుకు రావాలి. మరిది మంద వదిలి రావాల్సి వచ్చిందని గొణుగుతాడు గాని తన సగం ఎవరికీ ఇవ్వడు, పెళ్లానికి కూడా. నేను సాయంత్రాలు పోతూనే ఉంటాను. చదవడానికి దాణా లెక్కలున్నాయి, మందుల తేదీలున్నాయి. మందల పేజీలు మాత్రం ఎర్ర పెట్టె చూపిస్తాయి. మొదట్లో బాధగా ఉండేది. కావాలంటే తిరిగి ఇప్పిస్తానని కోడలు అంది, ఆ ఇద్దరూ ఒప్పుకుంటే. నేను అడగలేదు, అడగను.

దానికి బదులు ఆమె నాకు ఆ నల్ల తెర మీద ఒక వాక్యం నేర్పింది. నేను స్వయంగా టైపు చెయ్యగలిగేది అదొక్కటే. నాకేమేమి అధికారాలున్నాయో చెప్పమని యంత్రాన్ని అడగడం. అడిగితే వరసగా చెబుతుంది: దాణా చూడొచ్చు, మందులు చూడొచ్చు, మీటింగు తేదీ రాయొచ్చు, మొత్తం చూడొచ్చు. మనుషుల్ని అట్లా అడిగితే చెబుతారా, నాకు ఈ ఇంట్లో ఏమేమి చేసే హక్కుందని? నేను అత్తగారింటికొచ్చిన కొత్తలో అడిగి ఉంటే తెలిసేది. ఇప్పుడు అప్పుడప్పుడు ఊరికే అడుగుతుంటాను. ప్రతిసారీ అదే జవాబు వస్తుంది, అయినా చివరిదాకా చదువుతాను.

ఆ మంగళవారం పొద్దున ఆ గదిలో ఉన్నది వీళ్లు: గిద్దలూరు నుంచి వచ్చిన కోడలు, మా ఇంటాయన తమ్ముడు మరిది, త్రిపురాంతకం అన్నదమ్ముల్లో అన్న, అతనికి కాస్త ఎడంగా తమ్ముడు, వినబడీ వినబడని దొనకొండ మామ, చర్చి వీధి చెల్లెలు, నేను. ఫోనులో డాక్టరు. గుమ్మం బయట, తాడుకు, చెల్లెలి పెద్ద గొర్రె.